స్క్లెరోడెర్మా రోగికి ఏడాదికో గుండె స్కానింగ్
(మన సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)





ప్రతి ఏడూ ఈ సభలో చదువుల గురించి మాట్లాడమంటారు, మాట్లాడతాను. ఈసారి మాత్రం ఒక జబ్బు గురించి, ఒక పరీక్ష గురించి మాట్లాడతానని నేనే అడిగాను. నేను డాక్టర్‌ను కాను. పిల్లలకు సైన్స్ చెప్పే టీచర్‌ను. డాక్టర్లు చెప్పింది విని, చదివి, అర్థం చేసుకున్నంత వరకు చెబుతాను. ఎందుకు చెబుతున్నానో మీకు కాసేపట్లో తెలుస్తుంది.

మా బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆపా ఒకరు ఉండేవారు. పేరు చెప్పను. ఇక్కడ చాలామందికి తెలిసిన మనిషే. ఒక చలికాలం పొద్దున గిన్నెలు కడుగుతూ చేతులు చూపించారు. వేళ్లు కొసల నుంచి సగం వరకు సున్నం పూసినట్టు తెల్లగా ఉన్నాయి. కాసేపటికి నీలంగా మారాయి, తర్వాత ఎర్రబడ్డాయి. "చల్లనీళ్లు కదా టీచరమ్మా, ఫజర్ వుజూలో కూడా ఇట్లనే అవుతుంది" అన్నారు. నేను కూడా చలే అనుకున్నాను.

రెండేళ్లు గడిచేసరికి వేళ్ల మీద తోలు బిగుసుకుంది. రొట్టె పిండి పిసకడం కష్టమైంది. ఉంగరం రాలేదు, కోయించి తీయాల్సి వచ్చింది. నోరు పెద్దగా తెరవలేకపోయేవారు. వీధిలో కొందరు కుష్టు అన్నారు, కొందరు నజర్ తగిలిందన్నారు. ఒకచోట పూత మందు ఇచ్చారు, మరోచోట తాయెత్తు కట్టారు. చివరికి పట్నంలోని ఒక పెద్ద ఆస్పత్రిలో జబ్బు పేరు చెప్పారు: స్క్లెరోడెర్మా.

గ్రీకు భాషలో 'స్క్లెరోస్' అంటే గట్టిది, 'డెర్మా' అంటే తోలు. ఇది అంటుకునే జబ్బు కాదు. కుష్టు అసలే కాదు. మన ఒంటిని కాపాడవలసిన రక్షణ వ్యవస్థ దారి తప్పి మన ఒంటి మీదే పనిచేస్తుంది. సన్నని రక్తనాళాలు దెబ్బతింటాయి, తోలు కింద పీచులాంటి పదార్థం పేరుకుపోతుంది. మగవాళ్ల కంటే ఆడవాళ్లకే ఎక్కువగా వస్తుంది, అదీ పిల్లలను పెంచే వయసులో, ముప్పై నుంచి యాభై ఏళ్ల మధ్య. వేళ్లు తెల్లబడటమనే మొదటి గుర్తును 1862లో మారిస్ రేనో అనే ఫ్రెంచి వైద్యుడు వివరించాడు. అందుకే దాన్ని రేనో లక్షణం అంటారు. చలికి వేళ్లు తెల్లబడే వాళ్లందరికీ ఈ జబ్బు ఉండదు. కానీ ఈ జబ్బు ఉన్నవాళ్లలో దాదాపు అందరికీ ఆ గుర్తు ఉంటుంది. చాలామందిలో తోలు బిగుసుకోవడానికి ముందే అది కనిపిస్తుంది.

మన చుట్టుపక్కల క్వారీల్లో, క్రషర్లలో, గ్రానైట్ కోతలో పనిచేసే అన్నదమ్ములకు కూడా ఒక మాట. ఏళ్ల తరబడి రాతి దుమ్ము పీల్చిన మగవాళ్లకు ఈ జబ్బు వచ్చే అవకాశం పెరుగుతుందని వైద్యులు చాలాకాలంగా గమనించారు. కొన్ని రసాయన ద్రావకాల మీద కూడా అదే అనుమానం ఉంది. వేళ్లు తెల్లబడితే ఆడవాళ్ల జబ్బని కొట్టిపారేయకండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పేరులో తోలు ఉంది, కళ్లకు కనిపించేది తోలే. ప్రాణం మీదికి తెచ్చేది మాత్రం తోలు కాదు. ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, గుండె.

మన బౌరంపేట్‌లో బోరు లేని ఇల్లు తక్కువ. మోటారు బాగానే ఉంది, పైపు లోపల తుప్పు పట్టి సందు తగ్గిందనుకోండి. నీళ్లు పైకి వస్తాయి, కానీ మోటారు రెట్టింపు శ్రమపడుతుంది. కొన్నాళ్లకు మోటారే కాలిపోతుంది. గుండె కుడివైపు గది చేసే పని కూడా ఇలాంటిదే. అది రక్తాన్ని ఊపిరితిత్తుల్లోకి పంపుతుంది. అక్కడి నాళాలు మెత్తగా, వెడల్పుగా ఉంటాయి కాబట్టి ఎడమ గదికి ఉన్నంత మందం గోడ దానికి అవసరం లేదు. స్క్లెరోడెర్మాలో కొందరికి ఊపిరితిత్తుల్లోని సన్నని నాళాలు ఇరుకవుతాయి. పల్చని గోడ ఉన్న కుడి గది ఆ ఒత్తిడికి ఎదురు తోయాలి. ముందు గోడ మందమవుతుంది, తర్వాత గది సాగిపోతుంది, చివరికి అలసిపోతుంది. దీన్నే పల్మనరీ హైపర్‌టెన్షన్ అంటారు. చేతికి పట్టీ కట్టి చూసే బీపీ వేరు, ఇది వేరు. చేతి బీపీ మామూలుగా ఉన్నా లోపల ఇది పెరుగుతూ ఉండవచ్చు.

స్క్లెరోడెర్మా ఉన్న ప్రతి 100 మందిలో దాదాపు 10 మందికి ఈ ఇబ్బంది వస్తుంది. పైకి కనిపించే గుర్తులు ఏమిటి? మెట్లు ఎక్కితే ఆయాసం, నీరసం. పొద్దున్నుంచి రాత్రి వరకు చాకిరీ చేసే ఆడమనిషికి ఆయాసం, నీరసం అంటే ఎవరు పట్టించుకుంటారు? రక్తం తక్కువంటారు, వయసంటారు, ఒళ్లు పెరిగిందంటారు. ఆయాసం బాగా తెలిసే నాటికి లోపలి నాళాల్లో చాలా భాగం దెబ్బతినే ఉంటుంది. అందుకే ఆయాసం వచ్చేదాకా ఆగకూడదు. రాకముందే ఏడాదికొకసారి చూడాలి. యూరప్ వైద్య సంఘాలు 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా స్క్లెరోడెర్మా రోగులను ఏటా పరీక్షించాలనే చెబుతున్నాయి.

ఆ చూపుకు మొదటి సాధనం ఎకో. మనం టూడీ ఎకో అంటాం, గుండె స్కానింగ్ అంటాం. సూది లేదు, ఎక్స్‌రే కిరణాలు లేవు. ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే ఛాతీ మీద జెల్ రాసి చిన్న పరికరం ఆనిస్తారు. అరగంట అటూఇటూ పని.

పిల్లలకు చెప్పినట్టే చెబుతాను. మన చెవికి సెకనుకు 20,000 కంపనాల వరకే వినిపిస్తాయి. ఈ పరికరం సెకనుకు ఇరవై, ముప్పై లక్షల కంపనాల శబ్దాన్ని లోపలికి పంపి, తిరిగి వచ్చే ప్రతిధ్వనితో బొమ్మ గీస్తుంది. 1953లో స్వీడన్‌లోని లుండ్ పట్టణంలో ఎడ్లర్ అనే డాక్టరు, హెర్ట్జ్ అనే భౌతిక శాస్త్రవేత్త కలిసి దీన్ని మొదటిసారి గుండె మీద ప్రయత్నించారు. ఓడల కర్మాగారంలో ఇనుములోని పగుళ్లు వెతికే యంత్రాన్ని అడిగి తెచ్చుకుని ప్రయోగాలు మొదలుపెట్టారు. ఇనుములో పగులు వెతికే యంత్రం మనిషి గుండెలోకి చూసే కన్నయింది.

ఎకో బొమ్మ మాత్రమే చూపించదు, రక్తం ఎంత వేగంగా పోతుందో కూడా చెబుతుంది. అంబులెన్స్ దగ్గరికి వస్తుంటే సైరన్ కీచుమంటుంది, దాటిపోగానే మోత తగ్గుతుంది కదా. 1842లో డాప్లర్ చెప్పిన సూత్రం అదే. కుడి గది కవాటం దగ్గర చాలామందికి కొద్దిగా రక్తం వెనక్కి లీకవుతుంది. ఆ లీకు వేగాన్ని కొలిచి, ఆ అంకెను దానితోనే గుణించి, మళ్లీ నాలుగుతో గుణిస్తే రెండు గదుల మధ్య ఒత్తిడి తేడా వస్తుంది. వేగం సెకనుకు 2 మీటర్లయితే 16. అదే 3.5 మీటర్లయితే 49. ఎనిమిదో తరగతి పిల్లలు వేసే లెక్క. సూది గుచ్చకుండా ఊపిరితిత్తుల ఒత్తిడిని ఈ లెక్కతో అంచనా వేస్తారు. ఆ వేగం 2.8 వరకు ఉంటే అనుమానం తక్కువ. 3.4 దాటితే అనుమానం గట్టిది. మధ్యలో ఉంటే కుడి గది ఎంత సాగింది, ఎంత బాగా కదులుతోంది వంటి మిగతా గుర్తులు కలిపి చూస్తారు.

ఎకోలో ఇంకా కొన్ని తెలుస్తాయి. గుండె చుట్టూ నీరు చేరిందా, గుండె కండరంలోనే పీచు పెరిగి ఎడమ గది సరిగా సడలకుండా ఉందా అన్నవి. ఇవి కూడా ఈ జబ్బులో వస్తాయి, రోగికి ముందుగా తెలియవు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పకపోతే తప్పవుతుంది. ఎకో తలుపు తడుతుంది, తీర్పు చెప్పదు. ఒత్తిడి ఎక్కువని రాగానే జబ్బు ఖాయమని గుండెలు బాదుకోకూడదు. రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి లోపలి ఒత్తిడిని నేరుగా కొలిచే క్యాథెటర్ పరీక్ష చేశాకే డాక్టర్లు ఖాయం చేస్తారు. అలాగే ఎకో బాగుందని రాగానే నిశ్చింతగా ఉండకూడదు. కొందరికి ఆ లీకే కనిపించదు, కొలవడానికి వీలుండదు. 2014లో వెలువడిన 'డిటెక్ట్' అనే అధ్యయనంలో అనేక దేశాలకు చెందిన 466 మంది స్క్లెరోడెర్మా రోగులకు క్యాథెటర్ పరీక్ష చేసి చూశారు. ప్రధానంగా ఎకో మీదే ఆధారపడిన అప్పటి పద్ధతి పాటించి ఉంటే జబ్బు ఉన్నవాళ్లలో 100కు 29 మంది తప్పిపోయేవారని తేలింది. అందుకే ఎకోతో పాటు ఊపిరితిత్తులు గాలిని రక్తంలోకి ఎంత బాగా పంపుతున్నాయో చూసే ఊదుడు పరీక్ష, గుండె శ్రమను చూపే రక్తపరీక్ష కూడా డాక్టరు రాస్తారు. మూడూ కలిస్తేనే చూపు స్పష్టంగా ఉంటుంది.

మళ్లీ ఆపా దగ్గరికి వస్తాను.

జబ్బు పేరు చెప్పిన డాక్టరమ్మే చీటీ మీద రాశారు, ఏటా ఎకో చేయించాలని. మొదటి ఏడు నేనే తోడు వెళ్లాను. రిపోర్టు బాగుంది. ఇద్దరం సంతోషంగా బస్సెక్కాం. రెండో ఏడు ఆపా కూతురి నికాహ్. డబ్బులన్నీ అటు పోయాయి. "పోయినసారి సాఫ్ వచ్చింది కదా టీచరమ్మా, ఈసారి వద్దులే" అన్నారు. నేను ఏమన్నానో తెలుసా? "సరే ఆపా, తొందరేముంది" అన్నాను. నెమ్మదిగా బరువులు మోయడం తగ్గించారు. నేను చూశాను. వయసనుకున్నాను. మూడో ఏడు బడి మెట్ల మీద సగంలో గోడ పట్టుకుని నిలబడిపోయారు. పెదవులు నీలంగా ఉన్నాయి. అప్పుడు ఎకో చేస్తే కుడి గది బాగా సాగిపోయి ఉంది.

చికిత్స దొరికింది. మన సొసైటీయే డబ్బు కట్టింది, ఆ రసీదులు మీ ఫైళ్లలో ఉన్నాయి. మందులతో కొన్నాళ్లు తేలికపడ్డారు, సజ్దాలోకి వెళ్లి లేవగలుగుతున్నానని సంతోషపడ్డారు. కానీ మూడు సంవత్సరాలు కూడా నిండలేదు. అల్లాహ్ ఆమెకు జన్నత్ ప్రసాదించుగాక.

రెండో ఏడు ఎకో చేయించి ఉంటే బతికేవారా? ఎవరూ ప్రమాణం చేసి చెప్పలేరు. ఫ్రాన్స్‌లో ఒక అధ్యయనం జరిగింది, 2011లో అచ్చయింది. ఆయాసం వచ్చి డాక్టరు దగ్గరికి వెళ్లాక జబ్బు బయటపడిన స్క్లెరోడెర్మా రోగులు ఒకవైపు, పరీక్షలు పెట్టి వెతికితే బయటపడినవాళ్లు మరోవైపు. ఎనిమిదేళ్ల తర్వాత మొదటి గుంపులో బతికి ఉన్నవాళ్లు 17 శాతం, రెండో గుంపులో 64 శాతం. ఒక్కో గుంపులో 16 మందే ఉన్నారు కాబట్టి దీన్ని చివరి మాటగా తీసుకోకూడదు. ముందే కనిపెడితే లెక్కలో ఏళ్లు ఎలాగూ ఎక్కువ కనిపిస్తాయన్నది కూడా నిజమే. ఆ జాగ్రత్తలన్నీ పెట్టుకున్నా ఆ తేడా నన్ను నిద్రపోనివ్వదు. ఆయుష్షు అల్లాహ్ చేతిలో ఉంది. తోడు వెళ్లడం నా చేతిలో ఉండింది. నేను వెళ్లలేదు.

మన ఆడవాళ్లు ఈ పరీక్షకు ఎందుకు వెనకాడతారో కూడా దాచకుండా మాట్లాడుకుందాం. మొదటిది సిగ్గు. ఛాతీ మీద చేసే పరీక్ష, లోపల మగ టెక్నీషియన్ ఉంటాడేమోనని. ముందే అడిగితే ఆడవాళ్లు చేసే రోజు, వేళ చెప్పే చోట్లు ఉన్నాయి. పరదా వేయమని, దుప్పటి కప్పమని, మీ మనిషిని ఒకరిని లోపలికి రానివ్వమని అడగండి. అడగడం తప్పు కాదు. దానికోసం పరీక్షే మానుకోవడం తప్పు.

రెండోది మందు పేరు. ఊపిరితిత్తుల నాళాలను సడలించడానికి డాక్టర్లు సిల్డెనాఫిల్, టడలాఫిల్, బోసెంటాన్, అంబ్రిసెంటాన్ వంటి మందులు ఇస్తారు. మొదటి రెండూ మగవాళ్ల వేరే సమస్యకు కూడా వాడతారు. ఆపా కొడుకు చీటీ చూపిస్తే మెడికల్ షాపులో కుర్రాళ్లు నవ్వారు. ఆ అబ్బాయి మందు కొనకుండా తిరిగొచ్చాడు. తల్లికి నాలుగు రోజులు మందు లేదు. ఇది గుండెకూ ఊపిరితిత్తులకూ సంబంధించిన మందని ఇంట్లోవాళ్లకు ముందే చెప్పాలి. డాక్టరు చెప్పకుండా ఒక్కపూట కూడా ఆపకూడదు.

మూడోది ఇబాదత్‌కు సంబంధించింది. వేళ్లు తెల్లబడేవాళ్లు వుజూకు గోరువెచ్చని నీళ్లు వాడాలి. అదీ దొరకక, నీళ్లు హాని చేసే పరిస్థితి ఉంటే తయమ్ముమ్ వెసులుబాటు దీన్‌లో ఉంది. రోజాల విషయంలోనూ రోగికి మినహాయింపు ఉంది. రోజుకు మూడుసార్లు మందు వేసుకునేవాళ్లు సొంతంగా నిర్ణయించుకోకుండా రంజాన్‌కు ముందే డాక్టరునూ, ఆలిమ్‌నూ ఇద్దరినీ అడగాలి. అత్తగార్లకు మరో మాట. పల్మనరీ హైపర్‌టెన్షన్ ఉన్న కోడలికి గర్భం ప్రాణాపాయం కావచ్చు. డాక్టరు వద్దంటే ఆ పిల్లను ఒత్తిడి చేయకండి.

ఎక్కడికి వెళ్లాలి అంటారా? ఇలాంటి జబ్బులు చూసేవాళ్లను రుమటాలజిస్టులు అంటారు. పంజాగుట్ట నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది, గుండె విభాగమూ ఉంది. నిజాం చారిటబుల్ ట్రస్ట్ కట్టించిన ఎముకల ఆస్పత్రే పెరిగి నిమ్స్ అయింది. ఒకనాటి దానం ఎన్ని తరాలకు పనికొస్తుందో చూడండి. సదఖా జారియా అంటే పిల్లలకు నేను చెప్పే ఉదాహరణల్లో అది ఒకటి. వెళ్లేటప్పుడు పాత రిపోర్టులన్నీ ఒకే ఫైలులో పెట్టుకుని వెళ్లండి. ఒక్క ఏడాది అంకె కంటే నాలుగేళ్ల అంకెలు పక్కపక్కన ఉంటే డాక్టరుకు ఎక్కువ తెలుస్తుంది. ఎకో చేసేవారికి "స్క్లెరోడెర్మా ఉంది, ఊపిరితిత్తుల ఒత్తిడి చూడాలి" అని ముందే చెప్పండి.

ఆరోగ్యశ్రీ 2007 నుంచి ఉంది. 2023 డిసెంబర్‌లో మన రాష్ట్రంలో దాని పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు. పెద్ద చికిత్సలకు అది కొండంత అండ. కానీ బస్సు ఛార్జీ, పోయిన కూలి, తోడు వచ్చినవాళ్ల కూలి అది మోయదు. మన ఇళ్లలో పరీక్ష ఆగిపోయేది అక్కడే.

దాతలారా, మీ ముందు నా విన్నపం ఇది. మనిషి మంచాన పడ్డాక ఫొటో చూపించి అడిగితే మన చేతులు వెంటనే జేబులోకి వెళ్తాయి. మంచి గుణమే. కానీ నడుస్తూ, నవ్వుతూ, పనిచేస్తూ ఉన్న మనిషికి పరీక్ష చేయించండి అంటే, ఆమె బాగానే ఉంది కదా అంటాం. ఆపా చివరి ఆరు నెలల్లో ఆస్పత్రికి కట్టిన డబ్బుతో ఎన్నో ఏళ్ల ఎకోలు అయ్యేవి. బయట డయాగ్నస్టిక్ సెంటర్‌లో ఒక ఎకోకు రెండు వేల రూపాయలు అటూఇటూ అవుతుంది.

కాబట్టి మూడు పనులు అడుగుతున్నాను. ఒకటి, సొసైటీ ఆఫీసులో ఒక రిజిస్టరు పెట్టాలి. బౌరంపేట్ నుంచి గండిమైసమ్మ, సూరారం వరకు మన దగ్గరికి వచ్చే కుటుంబాల్లో స్క్లెరోడెర్మా ఉన్నవాళ్ల పరీక్ష నెల అందులో రాయాలి. ఇది అరుదైన జబ్బు, వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉంటారు. భారం పెద్దది కాదు. రెండు, ఆ నెల రాగానే ఫోన్ చేసి, పరీక్ష ఖర్చుతో పాటు ఆ రోజు కూలి, బస్సు ఛార్జీ ఇవ్వాలి. మూడు, ఆ మనిషి వెంట ఒక ఆడమనిషిని పంపాలి. ఈ మూడో పనికి నా పేరు మొదట రాసుకోండి. రిటైరయ్యాక నాకు పొద్దున్నే లేచి వెళ్లడానికి ఒక పని కావాలి.

"పోయినసారి సాఫ్ వచ్చింది కదా" అని ఎవరైనా అంటే, "అందుకే ఈసారి కూడా పోదాం పద" అనండి. ఆ మాట నేను అనాల్సిన రోజున అనలేదు.

ఇచ్చిన చేతులకు, తీసుకున్న చేతులకు, ముఖ్యంగా చల్లనీళ్లలో తెల్లబడిపోతున్న ఆ చేతులకు అల్లాహ్ ఆరోగ్యం, బర్కత్ ప్రసాదించాలని దువా చేస్తూ సెలవు తీసుకుంటున్నాను. ఆమీన్.